జడ కోసం చూసినాయన

పెద్దదా, చిన్నదా అని అడిగేవాళ్ళకు నా దగ్గర ఒక తయారు జవాబు ఉండేది. "పెళ్ళి తీయాలంటే పెద్దది, పెళ్ళాన్ని తీయాలంటే చిన్నది" అనేవాణ్ణి. పెద్దదంటే లెన్సు ఊడదీసి మార్చుకునే డీఎస్‌ఎల్‌ఆర్. చిన్నదంటే చొక్కా జేబులో పట్టే డిజిటల్ కెమెరా. విన్నవాళ్ళు నవ్వేవాళ్ళు, నవ్వుతూ ఏదో ఒకటి కొనేవాళ్ళు. తిరుపతి బస్టాండుకు దగ్గర్లో ఒక సందులో పాత కెమెరాలు బాగుచేసి అమ్మే కొట్టు నాది. ఏడో తరగతిలో బడీ నేనూ ఒకరి మీద ఒకరం ఆశ వదులుకున్నాక, పరీక్ష పెట్టకుండా నన్ను నమ్మింది స్క్రూడ్రైవరు ఒక్కటే.

పోయిన వారం ఇద్దరు కాలేజీ అమ్మాయిలు వచ్చారు. ఇప్పటి పిల్లలకు మళ్ళీ ఆ చిన్న కెమెరాల మీద మోజు పుట్టింది. ఫోనులో అంతా మరీ స్పష్టంగా ఉంటుందట, వాళ్ళకు కొంచెం మసక కావాలట. "అంకుల్, డీఎస్‌ఎల్‌ఆర్ నేర్చుకుందామా, ఈ చిన్నది తీసుకుందామా, మీరే చెప్పండి" అన్నారు. నోరు తెరిచాను. తయారు జవాబు రాక, రెండూ వాళ్ళ చేతుల్లో పెట్టి మీరే చూసుకోండమ్మా అన్నాను. అంతకు మూడు రోజుల ముందే, ఒక పెద్దాయన పోయాడని ఆయన కూతురు పలమనేరు నుంచి వచ్చి చెప్పి వెళ్ళింది. ఒక పని మీద వచ్చింది ఆమె. ఆ పని చివర్లో చెబుతాను, ముందే చెబితే మీకు అర్థం కాదు.

పది పన్నెండేళ్ళ కిందటి మాట. మొదట కొట్టులోకి మీసం వచ్చింది, దాని వెనక ఆయన వచ్చాడు. తల కోత కోసిన చేనులాగా తెల్లగా, పొట్టిగా ఉంది. మీసం మాత్రం నల్లగా రంగు వేసి, దువ్వి, కొసలు పైకి తిప్పి ఉంది. పాల వాసన వేసే చొక్కా, భుజాన తువ్వాలు. కూర్చోమంటే కూర్చోలేదు. అద్దాల బీరువాలో కెమెరాలను చూడకముందే తన మీసాన్ని చూసుకుని, కుడివైపు కొస కొంచెం సర్దాడు.

"ఏం పెద్దాయనా, రంగు చాలలేదా? మీసానికే సరిపోయినట్టుండాదే" అన్నాను.

"తలను ఎవురు చూస్తారప్పా" అన్నాడు. నవ్వలేదు.

కెమెరా కావాలన్నాడు. రెండు తీసి బల్ల మీద పెట్టాను. ఒకటి కొత్తగా నేర్చుకునేవాళ్ళు కొనే రకం డీఎస్‌ఎల్‌ఆర్. రెండోది వెండి రంగు చిన్నది. కుడి చేత ఒకటి, ఎడమ చేత ఒకటి పట్టుకుని, కళ్ళు మూసుకుని, సంతలో బరువు చూసినట్టు చూశాడు.

"ఇది ఎనుము. ఇది మేకపిల్ల" అన్నాడు. మా వైపు గేదెను ఎనుము అంటాం.

"బాగా చెప్పినావు. ఎనుము పాలెక్కువ ఇస్తాది, మేకపిల్ల చెప్పినట్టు వింటాది. ఇంతకూ ఏం తీస్తావు?"

"మనుషుల్ని."

"ఏ మనుషుల్ని? ఇంట్లోవాళ్ళనా?"

"దారిన పోయేటోళ్ళని" అన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. "గుండు కొట్టించుకున్న మనిషిని తీస్తే, మొగం తెలుస్తాదా అప్పా? ఫలానా మనిషి అని?"

తిరుపతిలో గుండు మీద జోకు వేయడం తెలియనివాడు కొట్టు నడపలేడు. "గుండుకయితే ఫ్లాషు కూడా అక్కరలేదు పెద్దాయనా, అదే మెరుస్తాది" అన్నాను.

ఆయన నా వంక చూసి "అట్లనా" అన్నాడు. నేను ఇన్నేళ్ళలో వేసిన జోకులన్నీ వాటి దారిన అవి పోయాయి. ఇదొక్కటే ఇంకా నా దగ్గరే ఉంది.

పెద్దదాని మీట నొక్కి చూపించాను. లోపల అద్దం లేచి టపక్‌మంది. ఆయన ఉలిక్కిపడి సందులోకి చూశాడు, ఎవరైనా ఇటు తిరిగారేమోనని. "ఇంత చప్పుడు చేస్తే ఆడోళ్ళు తిరిగి చూస్తారు గదా" అన్నాడు.

ఆడవాళ్ళు అనగానే నేను కన్ను గీటాను. "ఓహో, అదా సంగతి. ఈ వయసులో ఈ మీసం ఎందుకా అనుకున్నా."

"దూరాన్నించి మొగం కావాల. వాళ్ళకు ఇబ్బంది కాకూడదు" అన్నాడు, నేను అన్నది విననట్టు.

ఆయన అడిగినదానికి సరైన జవాబు నాకు తెలుసు. దూరాన ఉన్న ముఖం కావాలంటే పెద్దదే. దాని లోపల వెలుగును పట్టే పలక పెద్దది, తీసిన బొమ్మను తర్వాత ఎంత పెంచుకున్నా ముక్కు ముక్కులా, కన్ను కన్నులా ఉంటుంది. చిన్నదానితో తీసినది పెంచితే పిండి రాలినట్టు అయిపోతుంది. చప్పుడుకేముంది, బస్టాండు గోలలో ఎవరికి వినపడుతుంది? కానీ ఆ డీఎస్‌ఎల్‌ఆర్‌కు నేను చేతులారా కొత్త షట్టరు వేసి, వారం రోజులుగా దాంతో కొట్టు ముందు కాకులను తీసుకుంటున్నాను. అది వదలాలని లేదు. వెండి రంగుదేమో ఎన్నాళ్ళుగానో బీరువాలో దుమ్ము పట్టి ఉంది.

"ఎనుమును సంతలో దాచలేవు పెద్దాయనా. మేకపిల్ల అయితే చంకలో పెట్టుకుని పోవచ్చు. బొమ్మంటావా, రెండిట్లో ఒకటే వస్తాది" అన్నాను. మొదటి రెండు మాటలు నిజం, మూడోది అబద్ధం. ఆయన మేకపిల్లను చేతిరుమాలులో చుట్టుకుని వెళ్ళాడు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చాడు. తీసిన బొమ్మలు ఎలా చూడాలో తెలియదన్నాడు. కార్డు తీసి నా కంప్యూటరులో పెట్టాను. రెండు వందల పైచిలుకు బొమ్మలు, అన్నీ ఆడవాళ్ళవే. కొండ దిగే బస్సుల దగ్గర, రైల్వేస్టేషను బయట, కొళాయిల దగ్గర. యాభై, అరవై ఏళ్ళ వాళ్ళు. ఒక్కరికీ జడ లేదు. గుండ్లు, మొలకలు, పొట్టి జుట్టు. నాకు నవ్వొచ్చింది, మరుక్షణమే నవ్వు ఎందుకో ఆగింది. జోకు వేద్దామని ఆయన వైపు తిరిగితే, ఆయన తెర మీదికి వంగి ఒక్కొక్క ముఖాన్నీ వేలితో ముట్టుకుంటున్నాడు.

"ఎవురిని వెతుకుతాండావు?" అన్నాను.

"మా ఆడమనిషిని."

అప్పుడు చెప్పాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఎన్నోసార్లు తనకు తానే చెప్పుకున్నట్టుంది.

"రెండేండ్లుగా ఆమెకు మతిమరుపు. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతాది. ఎనుముల పేర్లు మర్చిపోయింది. ఒగోసారి నన్ను చూసి ఎవురు నువ్వంటాది, మళ్ళా మీసం చూసి నువ్వా అంటాది. తల బాగైతే తల ఇస్తామని మొక్కుకున్న్యాం. ఇద్దరమూ. బాగయ్యేదాకా ఎందుకు, ముందే ఇచ్చేద్దాం అనింది ఆమె. కొండకు పోయినాం. ఆడోళ్ళు ఒగ పక్క, మొగోళ్ళు ఒగ పక్క. అయినంక కొళాయి కాడ నిలబడు, నేనొస్తా అని చెప్పినా. నాది ముందు అయిపోయింది, వచ్చి నిలబడినా. ఎంతసేపటికీ రాలే. జనం పోతాండారు, నేను చూస్తాండా. ఏం చూస్తాండా? జడ. ఆమె జడ యాడన్నా కనపడతాదేమోనని చూస్తాండా."

తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గుండు కొట్టించుకునేకి పంపించిన మనిషి కోసం జడ చూస్తా నిలబడినా అప్పా. అరగంటకు తట్టింది. అప్పటికి నా ముందు నుంచి ఎన్ని గుండ్లు పోయినాయో. అప్పుడు నా మూతి మీద చెయ్యి పెట్టుకున్న్యా. నా మీసం కూడా తీసేసినారు. పెండ్లి నాటి నుంచి ఆమె నన్ను మీసం లేకుండా చూడలేదు. కొళాయి కాడికి ఆమె వచ్చే ఉంటాది. ఇద్దరమూ ఒకరి మొగం ఒకరు చూసుకునే ఉంటాం. ఎవురో పరాయోళ్ళనుకుని, దారి ఇచ్చి పక్కకు జరిగింటాం."

నేను స్టూలు ఆయన వైపు జరిపాను. 

అందరూ వెతికారట. మైకులో పిలిచారు, పోలీసు స్టేషనులో కాగితం రాసుకున్నారు, ఫోటో అడిగారు. బంధువుల పెళ్ళిలో తీసింది ఇచ్చాడు, నిండు జడ, జడ నిండా పూలు. "గుండు ఫోటో యాడుంటాదప్పా? గుండుతో ఆమెను చూసినోళ్ళే లేరు, నేను తప్ప. నేను చూసి వదిలేసినా" అన్నాడు. "నా కండ్ల మీద నాకు నమ్మకం పోయింది. కన్ను చూసి దాటేస్తాది. మిషను చూసి ఉంచుకుంటాది. అందుకని."

ఆ రోజు నుంచి ఏడాదిన్నర పాటు రెండు వారాలకోసారి వచ్చేవాడు. తెల్లవారి పాలు పోసి, పలమనేరులో బస్సెక్కి, పగలంతా తిరుపతిలో తిరిగి, సాయంత్రానికి నా కొట్టుకు చేరేవాడు. రాగానే చూపుడు వేలూ బొటనవేలూ ఎడం చేసి గాలిలో ఒక కొలత చూపించేవాడు. మొదట్లో ఆ కొలత గోరంత. తర్వాత వేలి కణుపంత. తర్వాత బెత్తెడు. "ఇప్పటికి ఇంత పెరిగింటాది" అనేవాడు. ఎంత పొడుగు జుట్టు ఉన్నవాళ్ళను తీయాలో ఆ నెలకు అదీ లెక్క. మనిషి లేదు, ఆమె జుట్టు మాత్రం నా కొట్టులో రెండు వారాలకోసారి పెరుగుతూ ఉండేది. కొన్నాళ్ళకు నేను కూడా క్యాలెండరు చూసి "ఇంకొంచెం పొడుగుండాల పెద్దాయనా" అని సరిచేసేవాణ్ణి.

బొమ్మలు చూడడం అయ్యాక అన్నిటినీ తీసేయమనేవాడు. "పరాయి ఆడోళ్ళ బొమ్మలు మన దగ్గర ఉండకూడదు." ఒకేసారి అన్నీ తీసేసే మీట ఉందంటే ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే తీయాలి. ఒక్కొక్కటి తీసేటప్పుడు తెర వైపు చూసి "పోయిరా తల్లీ" అనేవాడు. రెండు వందల మందికీ రెండు వందల సార్లు. మొదట నాకు విసుగు పుట్టేది. తర్వాత ఆయనకు దగ్గు వచ్చి ఆగితే ఆ మాట నేను అనేవాణ్ణి.

చిన్న కెమెరా గురించి నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనే రెండు మూడు సార్లు చెప్పబోయాను. చెప్పాలంటే కాకుల సంగతి కూడా చెప్పాలి. ఊరుకున్నాను.

జానెడు కొలత నడుస్తున్న రోజుల్లో, ఒక సాయంత్రం, ఆ రోజే తిరుచానూరులో తీసిన బొమ్మలు చూస్తున్నాం. గుడి వీధిలో పూలమ్మేవాళ్ళ వరస. మధ్యలో ఎవరో యాత్రికులు. బొమ్మకు ఎడమ అంచున, పూలబుట్టల వెనక, ఒక మనిషి సగం తిరిగి నిలబడి ఉంది. జానెడు జుట్టు, మెడ దగ్గర ఎగురుతోంది. ఒక చెయ్యి పైకి లేచి ఉంది, కొంగు చివరను వేలికి చుట్టుకుంటున్నట్టు.

ఆయన వేలు అక్కడ ఆగిపోయింది.

"కొంగు సూడు" అన్నాడు. "కొంగు సూడప్పా. ఏమన్నా మర్చిపోతే అట్లనే చుట్టుకుంటాది."

"నువ్వు తీసేటప్పుడు చూడలేదా?"

"నేను ఆ నడిమిన ఉండే ఆమెను తీసినా. ఈమెను చూడలే." ఆ మాట అన్నాక తను ఏమన్నాడో తనకే వినపడినట్టు ఆగిపోయాడు. ఆమెను చూడకుండా దాటేయడం ఇది రెండోసారి.

పెంచాను. జుట్టు ఉంది. ఇంకా పెంచాను. చెవి ఉన్నచోట ఒక మచ్చ. ఇంకా పెంచాను. ముక్కు పోయింది, కన్ను పోయింది, బూడిద రంగు గళ్ళు మిగిలాయి.

"ఇంకొంచెం దగ్గరికి తీసుకురా" అన్నాడు.

"దగ్గరికి వచ్చే కొద్దీ పోతుంది పెద్దాయనా."

"ఈ పక్కకు తిప్పు."

"బొమ్మను తిప్పలేము."

వెంటనే కొట్టు మూసేశాను. బీరువాలోంచి ఆ పెద్ద కెమెరా తీసుకుని, ఆయన్ని బండి మీద ఎక్కించుకుని తిరుచానూరు పోయాను. పూలమ్మేవాళ్ళ వరస అలాగే ఉంది. ఆ బుట్టల వెనక గోడ ఉంది. పూలమ్మే ఆమెను అడిగితే, "నా ఎనక రోజూ ఎంతమంది నిలబడతారు సామీ, నేను పూలు చూసుకోవాల్నా, వాళ్ళను చూసుకోవాల్నా" అంది. ఆమె తప్పేముంది. లాడ్జీలు, సత్రాలు, బస్సులు ఆగే చోటు, అన్నీ తిరిగాం. నా మెడలో ఆ డీఎస్‌ఎల్‌ఆర్ వేలాడుతూనే ఉంది. ఒక్క బొమ్మ కూడా తీయలేదు.

తిరిగి వచ్చాక కొట్టు మెట్ల మీద కూర్చుని చెప్పేశాను. "పెద్దాయనా, తప్పు నాది. ఆ పొద్దు నీకు ఈ పెద్దది ఇచ్చింటే ఇప్పుడు మొగం తెలిసిండేది. రెండూ ఒకటేనని అబద్ధం చెప్పినా. ఇది నాకే కావాలనుకున్నా, అందుకని."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే నేను ఈ కథ మీకు ఇంకోలా చెప్పేవాణ్ణి.

ఆయన చాలాసేపు మీసం సర్దుకున్నాడు. "నువ్వు పెద్దది ఇచ్చింటే, అది ఆమె కాదని కూడా తెలిసిపోయిండేది గదప్పా" అన్నాడు.

తర్వాత ఆ బొమ్మను కాగితం మీద వేసిమ్మన్నాడు. ఆ మనిషి వరకు కత్తిరించి ఇవ్వనా అంటే సరేనన్నాడు. పెద్ద సైజులో వేస్తానంటే వద్దన్నాడు. "చిన్నగా ఎయ్యి. చిన్నగా ఉంటేనే ఆమె ఉంటాది. పెద్దగా చేస్తే పోతాది." గోరంటాకు డబ్బా మూతంత బొమ్మ వేసిచ్చాను. అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ దూరం నుంచి నిజంగానే అక్కడొక మనిషి ఉంది. కార్డులోంచి ఆ ఒక్కటీ తీసేయమనలేదు.

మళ్ళీ రాలేదు.

మొదటి రెండు వారాలకు ఎదురుచూశాను. నెల చూశాను. ఆయన ఊరు తెలుసు గానీ ఇల్లు తెలియదు, ఫోను నంబరు తీసుకోలేదు, పేరు అడగలేదు. కొన్నాళ్ళు నేనే తిరుచానూరు పోయి ఆ వరస ముందు నిలబడ్డాను. వాళ్ళావిడను నేను ఎప్పుడూ చూడలేదు. అయినా చూపుడు వేలూ బొటనవేలూ ఎడం చేసి, ఇప్పటికి ఎంత పెరిగి ఉంటుందో కొలుచుకునేవాణ్ణి. భుజాల దాకా. భుజాలు దాటి. ఇంకో ఏడాదికి జడ వేసుకునేంత. జడ వేసుకున్నాక తిరుపతిలో ఇక ఎవరిని వెతుకుతాం? అందరికీ జడలే. అక్కడితో నేనూ పోవడం మానేశాను.

ఇన్నేళ్ళకు, ఆ కాలేజీ అమ్మాయిలు రావడానికి మూడు రోజుల ముందు, ఆయన కూతురు వచ్చింది. నలభై దాటిన మనిషి, తండ్రి నుదురే. సంచిలోంచి రెండు ఫోటోలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటి ఆయనది, మీసంతో. రెండోది నేను వేసిచ్చిన చిన్న బొమ్మ, అంచులు నలిగి, మధ్యలో వేలిముద్రల నూనె పట్టి.

"నాయన పోయినాడన్నా. పదకొండో దినం బుధవారం" అంది. "ఈ కొట్టు గుర్తులు చెప్తా ఉన్న్యాడు ఎప్పుడూ. నువ్వు నవ్విస్తావని చెప్పినాడు."

ఆయన నా ఎదుట ఒక్కసారీ నవ్వలేదని ఆమెకు చెప్పలేదు.

"ఈ ఫోటో వచ్చినాక నాయన వెతికేది మానుకున్న్యాడు. అమ్మ తిరుచానూరులో ఉండాది, పూలు కట్టుకుంటా బాగుండాది, ఇంకా ఎందుకు తొందర పెట్టేది అన్న్యాడు. పోయి పిల్చుకొస్తామంటే మమ్మల్ని పోనీలే. వస్తే ఆమే వస్తాది, నేను ఈడే ఉంటా అన్న్యాడు. రోజూ పొద్దున్నే ఆ ఫోటోను చూసేది, నవ్వుతా ఉండాది సూడు అనేది. దీంట్లో మొగమే లేదు గదన్నా. నవ్వు యాడ కనపడినాదో."

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ చెడ్డ కెమెరా ఇచ్చి ఆమెను దొరకకుండా చేశానని అనుకున్నాను. అంతకన్నా పెద్ద పని చేశాను. ఆ బొమ్మ ఇచ్చి ఆయన్ని ఆపేశాను. ఒకవేళ అది ఆమె కాకపోతే, అసలు ఆమె ఎక్కడో కొంగు వేలికి చుట్టుకుంటూ ఉండగా, ఆమె కోసం ఈ ఊరిలో తిరిగే ఒకే ఒక్క మనిషిని నేను ఇంటికి పంపేశాను.

"ఇప్పుడు ఇంట్లో పెద్దోళ్ళు ఏమంటారంటే, ఆమె కూడా లేదనుకుని ఇద్దరికీ కలిపి చేసేయండి అంటారు" అంది కూతురు. "ఇద్దరినీ ఒకే ఫ్రేములో పెట్టిస్తే ఒకే దండ వేస్తాం. నాకు చేతులు రాలేదు. ఉండాదంటే, నాయన పోయినాడు కాబట్టి ఆమెకు బొట్టు తీసేసినట్టు అయితాది. లేదంటే, బతికుండే మనిషికి దండ వేసినట్టు అయితాది. నువ్వు చెప్పన్నా. ఆ పొద్దు నువ్వు పెద్దగా చేసి చూసినావంట గదా. ఈమె మా అమ్మేనా?"

"తెలీదమ్మా" అన్నాను.

"నాయనకేమి చెప్పినావు?"

"నేనేమీ చెప్పలేదు. ఆయనే చూసుకున్నాడు."

ఆమె తల ఊపింది. "సరే, ఒకే ఫ్రేములో పెట్టేసియ్యి అన్నా, ఏమైతే అదైతాది" అని, బజారులో పని చూసుకుని గంటలో వస్తానని వెళ్ళింది.

గంటలో నేను రెండు ఫ్రేములు చేశాను. పెద్దాయనను పెద్ద దాంట్లో పెట్టాను, అద్దం తుడిచాను, వెనక గోడకు తగిలించే కొక్కెం కొట్టాను. వాళ్ళావిడను అరచేయంత దాంట్లో పెట్టాను. దానికి కొక్కెం కొట్టలేదు. బల్ల మీద నిలబడడానికి వెనక అట్టకాలు అతికించాను. కూతురు తిరిగి వచ్చి రెండిటినీ చూసింది. చిన్నదాన్ని తిప్పి వెనక్కు చూసింది, కొక్కెం కోసం తడిమింది.

"ఇది గోడకు కాదమ్మా" అన్నాను. "దువ్వెనా అద్దమూ పెట్టుకునే గూట్లో పెట్టుకోండి."

పెద్ద ఫ్రేమును కాగితంలో చుట్టించుకుంది. చిన్నదాన్ని చుట్టనీయలేదు. చేతిలోనే పట్టుకుని పలమనేరు బస్సెక్కింది.